గోడ మీద పాకే బూడిద రంగు గింజ: రెండు చివర్ల నుంచీ తల బయటికి వస్తోంది, లోపల ఉన్నది ఒకటా, రెండా?

వానచుక్క
జూన్ 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కాలి ఎముక విరిగి మూడు వారాలుగా మంచం మీదే ఉన్నాను. ఇంకో నాలుగు వారాలు కట్టు ఉంచాలన్నారు. మంచం గోడకి ఆనించి ఉంది కాబట్టి పొద్దున కళ్ళు తెరిస్తే ముందు కనబడేది ఆ గోడే.

తొమ్మిది రోజుల క్రితం దాని మీద బూడిద రంగులో ఒక చిన్న పెచ్చు లాంటిది కనిపించింది. అచ్చం గుమ్మడి గింజ ఆకారం. పల్చగా, మధ్యలో వెడల్పుగా, రెండు చివరలూ సన్నగా ఉంది. స్కేలు పెట్టి కొలిస్తే పొడవు 11 మిల్లీమీటర్లు, మధ్యలో వెడల్పు 4. ఇలాంటివి స్నానాల గది గోడల మీద, బీరువా వెనక ఎన్నిసార్లు చూశానో. సిమెంటు పెచ్చు అనుకుని చీపురుతో దులిపేసేదాన్ని. ఇప్పుడు లేవలేను కనక దులపలేదు. మధ్యాహ్నం నిద్ర లేచి చూస్తే స్విచ్‌బోర్డు కింద ఉన్నది కాస్తా జానెడు పైకి వెళ్ళింది.

అప్పటి నుంచి అది ఎక్కడ ఆగితే అక్కడ గోడ మీద పెన్సిల్‌తో చిన్న గీత పెట్టి, పక్కన టైం రాస్తున్నాను. నా చేతికి అందినంత మేర ఇప్పటికి 26 గీతలు అయ్యాయి. ఎక్కువగా రాత్రిపూటే కదులుతోంది. ఒక చివర నుంచి నల్లటి చిన్న తల బయటికి వస్తుంది, దాని వెనక సన్నటి కాళ్ళు. కాళ్ళతో గోడని పట్టుకుని ముందుకు వంగి, వెనక ఉన్న గూడుని ఒక్క గుంజు గుంజుతుంది. మళ్ళీ ఆగుతుంది. వేలు దగ్గరికి తీసుకెళ్తే చాలు, తల లోపలికి పోతుంది.

నా సందేహం ఇదండీ. నిన్న పొద్దున తల పై చివర నుంచి వచ్చింది. సాయంత్రం అదే గూటికి కింది చివర నుంచి తల వచ్చి, గూడు కిందికి నడిచింది. గూడు తిరగబడలేదు. దాని మీద ఒక పక్క ఎర్రటి చుక్క ఒకటి ఉంది, అది పొద్దున ఎటు ఉందో సాయంత్రమూ అటే ఉంది. అంటే లోపల రెండు పురుగులు ఉన్నాయా? అసలు ఇది ఏ పురుగు? పెద్దయ్యాక ఏమవుతుంది? తెలిసినవాళ్ళు చెప్పండి. ఇంటర్నెట్‌లో వెతుకుదామంటే దీన్ని ఏ పేరుతో వెతకాలో కూడా తెలియడం లేదు.

పాతఇటుక
జూన్ 3, రాత్రి 10:15

అది పురుగు కాదండీ, దుమ్ము సాలెగూట్లో చిక్కుకుని ఉండ కట్టి ఉంటుంది. ఫ్యాన్ గాలికి జరుగుతుంది. మా ఇంట్లో గోడల నిండా ఇవే. తడిగుడ్డతో తుడిచేయండి.

వానచుక్క
జూన్ 3, రాత్రి 10:32

గాలికి జరిగేదైతే ఫ్యాన్ ఆపినప్పుడు ఆగిపోవాలి కదండీ. నిన్న రాత్రి కరెంటు లేని గంటలోనే మూడు గీతలు పైకి వెళ్ళింది. కాళ్ళు నా కళ్ళతో చూశాను.

భూతద్దం
జూన్ 4, ఉదయం 6:50

వానచుక్క గారూ, మీరు పెన్సిల్ గీతలు పెట్టి మరీ చూస్తున్నారని చదివి చాలా సంతోషం కలిగింది. నేను వీటిని ఏడేళ్ళుగా గాజు సీసాల్లో పెంచుతున్నాను. ఎవరైనా అడిగితే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను, కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

లోపల ఉన్నది ఒక్కటే. అది చిమ్మట పిల్ల, అంటే గొంగళి పురుగు దశ. దీని ప్రజాతి పేరు ఫెరియోకా. గ్రీకులో ఆ మాటకి ఇల్లు మోసేది అని అర్థం. బట్టలు కొరికే చిమ్మటలు కూడా ఈ టినియిడే కుటుంబంలోవే. ఇళ్ళలో మనకి ఎదురయ్యేవి ముఖ్యంగా రెండు జాతులు: 1892లో రెబెల్ వర్ణించిన ఫెరియోకా అల్యుటెల్లా, 1897లో వాల్సింగం వర్ణించిన ఫెరియోకా యుటెరెల్లా. గూడు చూసి ఈ రెండింటినీ విడదీయడం నా వల్ల కాదు, కనక మీది ఏ జాతో చెప్పను. బతుకు తీరు మాత్రం రెండింటిదీ దాదాపు ఒకటే.

మీరు చూసిన రెండు తలల సంగతి. ఈ గూటికి రెండు తలుపులు ఉంటాయి. రెండు చివరలూ తెరిచే ఉంటాయి, రెండూ ఒకే తీరుగా ఉంటాయి. మధ్యలో వెడల్పుగా ఉందన్నారే, ఆ వెడల్పు పురుగు లోపలే వెనక్కి తిరగడానికి పనికొస్తుంది. పొద్దున పై తలుపులోంచి తొంగిచూసింది, తర్వాత లోపల ముడుచుకుని తిరిగి కింది తలుపులోంచి వచ్చింది. గూడు ఉన్నది ఉన్నట్టే ఉంది, అందుకే మీ ఎర్రచుక్క చోటు మారలేదు. ఆ చుక్కని గుర్తు పెట్టుకున్నారు చూశారా, అది లేకపోతే ఈ విషయం తేలేదే కాదు.

లోపలి పురుగు బాగా ఎదిగాక 7 మిల్లీమీటర్లు ఉంటుంది. ఒళ్ళంతా తెలుపు, మెత్తన. తల మాత్రం ముదురు గోధుమ రంగు. తల వెనక ఉండే మూడు కణుపుల మీద గట్టి నల్లటి పలకలు ఉంటాయి. బయటికి చాచే భాగం అంతవరకే కాబట్టి కవచం కూడా అంతవరకే. అక్కడే మూడు జతల గోధుమ రంగు కాళ్ళు, మీరు చూసినవి అవే. ఇవి కాక పొట్ట కింద తెల్లటి పొట్టి కాళ్ళు ఉంటాయి. ఒక్కోదాని కొసన ఇరవై పైచిలుకు కొక్కేలు. ఆ కొక్కేలతో గూటి లోపలి పట్టుని పట్టుకుంటుంది, ముందు కాళ్ళతో గోడని పట్టుకుంటుంది. ఒక్క గుంజుకి ఇల్లంతా కదలడం అలాగన్నమాట. గూటి నుంచి దాన్ని లాగి బయటికి తియ్యాలని మాత్రం చూడకండి. కొక్కేలు వదలవు, ఒళ్ళు చిరిగిపోతుంది. మొదట్లో తెలియక నేను ఒకదాన్ని అలాగే చంపాను. ఇప్పటికీ గుర్తొస్తే బాధగా ఉంటుంది.

ఇక గూడు కట్టే పద్ధతి. ఇదే నాకు అన్నిటికన్నా ఇష్టం. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ముందు నేల మీద పట్టు దారంతో ఒక చిన్న కమాను కడుతుంది. రెండు కొసలూ నేలకి అతికి ఉంటాయి. దాని పైన ఇసుక రేణువులు, మట్టి, తుప్పు రజను, వెంట్రుక ముక్కలు, చచ్చిన పురుగుల కాళ్ళూ రెక్కలూ అంటిస్తుంది. లోపలి వైపు మాత్రం వట్టి పట్టే. చెత్త ఒక్క రేణువు కూడా లోపలికి రానివ్వదు. ఆ కమానుని పొడిగిస్తూ సొరంగంలా చేసి, చివరికి అడుగు కూడా మూసేస్తుంది. అప్పుడు అది నేల నుంచి విడివడి గొట్టం అవుతుంది. ఆ క్షణం నుంచి ఇల్లు దాని వెంటే. కుబుసం విడిచినప్పుడల్లా ఇంటిని పెంచుకుంటుంది. బాగా ఎదిగాక గూడు 8 నుంచి 14 మిల్లీమీటర్ల పొడవు, 3 నుంచి 5 వెడల్పు ఉంటుంది. మీది 11, 4 అన్నారంటే పెద్దదే, ఇంకెన్నో రోజులు ఇలా తిరగదు.

ఒకసారి సీసాలో కాస్త ఎర్ర ఇటుక పొడి చల్లాను. వారం తిరిగేసరికి గూటికి కొత్తగా చేరిన చోటల్లా ఎర్రటి రేణువులు కనిపించాయి. ఏది దొరికితే దానితోనే కడుతుంది. మీ గూటి మీద ఎర్రచుక్క కూడా ఏ తుప్పు రజనో, ఇటుక పొడో అయి ఉంటుంది.

మీకు వీలైతే ఇంకొకటి చూడండి. వేలు దగ్గరికి తెస్తే తల లోపలికి పోతుందన్నారు. ఆ మరుక్షణం గూటి మూతిని గమనించండి. అడుగు అంచుని లోపలి నుంచి పైకి లాగి పై అంచుకి ఆనించేస్తుంది. తలుపు వేసుకోవడమే. సూది మొనతో ప్రయత్నించినా ఆ మూతి సులువుగా తెరుచుకోదు.

ఊలుదారం
జూన్ 4, ఉదయం 11:05

ఇది చదివాక నాకు టెన్షన్ పట్టుకుంది. నేను ఊలు అల్లుతాను, ఇంట్లో రెండు అట్టపెట్టెల నిండా ఊలు ఉంది. బట్టల చిమ్మటలకి ఇది చుట్టమే అన్నారు కదా భూతద్దం గారూ, అయితే ఇది కూడా ఊలు తింటుందా? చిన్నపిల్లలున్న ఇల్లు, కుడుతుందా?

భూతద్దం
జూన్ 4, మధ్యాహ్నం 1:20

కుట్టదండీ. విషం లేదు, ముల్లు లేదు, మనిషి ఒంటి జోలికి రాదు. పిల్లల గురించి భయపడకండి.

ఊలు తింటుంది, అది నిజం. ఊలు, వెంట్రుకలు, ఈకలు అన్నీ కెరటిన్ అనే గట్టి ప్రొటీన్‌తో తయారవుతాయి. మామూలు పురుగులు దాన్ని అరిగించుకోలేవు, టినియిడే కుటుంబంలో కొన్ని మాత్రం అరిగించుకుంటాయి. అయితే దీనికి ఇంట్లో దొరికే ముఖ్యమైన తిండి ఊలు కాదు. పాత సాలెగూళ్ళు, చచ్చిన దోమలూ చీమలూ, రాలిన వెంట్రుకలు, చుండ్రు పొట్టు. సాలీడు కింద పారేసిన పురుగుల డొల్లల దగ్గరే నాకు ఇవి ఎక్కువగా దొరికాయి. తన జాతివే వదిలేసిన ఖాళీ గూళ్ళు కూడా తింటుంది. నూలు బట్ట ఇస్తే ముట్టదు.

ఇది నిలదొక్కుకోవాలంటే గాలిలో చెమ్మ బాగా ఉండాలి. స్నానాల గదిలో, వెలుతురు తగలని మూలల్లో కనిపించేది అందుకే. మీ ఊలుని పొడి చోట, గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టుకోండి. మూలల్లో సాలెగూళ్ళు పట్టనివ్వకండి. వాక్యూమ్ క్లీనర్ ఉంటే గోడా నేలా కలిసే అంచు వెంబడి లాగండి. మందులు కొట్టాల్సిన అవసరం నాకు ఎప్పుడూ కనబడలేదు. ఇల్లంతా మందు కొట్టడం కన్నా సాలెగూళ్ళు దులపడమే దీనికి సరైన విరుగుడు.

ఊలు పెట్టెలో గనక పురుగు కనిపిస్తే అది ఏదో ముందు చూసుకోండి. గూడు గుమ్మడి గింజలా పల్చగా ఉంటే ఇదే. గూడు గుండ్రటి గొట్టంలా ఉండి, మీ ఊలు ఏ రంగులో ఉంటే ఆ రంగులోనే ఉంటే అది టీనియా పెలియోనెల్లా అనే వేరే చిమ్మట. అసలు మోసుకు తిరిగే గూడే లేకుండా ఊలు మీద పట్టు దారాలు అల్లుకుని ఉంటే అది టినియోలా బిసెలియెల్లా. దాని రెక్కలు బంగారు రంగులో మెరుస్తాయి. ఊలుకి అసలు శత్రువు అదే.

పాతఇటుక
జూన్ 4, రాత్రి 8:45

భూతద్దం గారూ, ఈ సాయంత్రం మెట్ల కింద ఒకటి కనబడితే తుడవకుండా పావుగంట కూర్చున్నాను. తల బయటపెట్టింది. నేను నిన్న చెప్పింది తప్పండీ వానచుక్క గారూ. ఇన్నేళ్ళుగా తుడిచేసినవన్నీ ప్రాణమున్నవే అని తెలిసి మనసు ఒకలా అయిపోయింది.

వానచుక్క
జూన్ 17, సాయంత్రం 5:30

భూతద్దం గారూ, మీరు చెప్పినట్టు తలుపు వేసుకోవడం చూశాను. ఒక్క క్షణంలో మూతి రెండు పెదవుల్లా మూసుకుపోతుంది.

ఇప్పుడు దిగులుగా ఉండి రాస్తున్నాను. జూన్ 10 రాత్రి అది బాగా పైకి పాకింది, కిటికీ చెక్క పక్కన నా చెయ్యి అందనంత ఎత్తుకి. 11వ తేదీ ఉదయం నుంచి అక్కడే ఉంది, కదల్లేదు. నేటికి ఆరు రోజులు. రాత్రుళ్ళు టార్చి వేసి చూశాను, తల బయటికి రాలేదు. మా అమ్మాయి చేత స్టూలు వేయించి దగ్గర నుంచి ఫోటో తీయించాను. రెండు చివరలూ సన్నటి తెల్లటి దారాలతో గోడకి అతికి ఉన్నాయి. పై చివర ఇదివరకటిలా లేదు, బాగా నొక్కేసినట్టు పల్చబడింది. చచ్చిపోయిందా? అమ్మాయి గూడు పీకి చూద్దామంది, నేనే వద్దన్నాను.

భూతద్దం
జూన్ 17, సాయంత్రం 6:10

వద్దని మంచి పని చేశారు. చావలేదు. ప్యూపా అయింది, అంటే గూటి లోపల కదలకుండా ఉండి చిమ్మటగా మారే దశ.

పూర్తిగా ఎదిగాక అది నిలువు గోడ ఎక్కి, గూటిని రెండు చివరలా పట్టుతో గోడకి కట్టేస్తుంది. చచ్చిన పురుగు గూడైతే ఇలా రెండు వైపులా కుట్టినట్టు ఉండదు. మీ అమ్మాయి తీసిన ఫోటోలో పై చివర పల్చబడిందన్నారు కదా, అక్కడ అది రెండు అంచులనీ కొద్దిగా కత్తిరించింది. అలా చేస్తే ఆ చివర రెండు పల్చటి రేకులుగా అయి, లోపలి నుంచి తోస్తే తెరుచుకునే కవాటంలా పనిచేస్తుంది. చిమ్మటగా మారాక దానికి కొరికే నోరు ఉండదు. అందుకే బయటికి పోయే దారిని పురుగుగా ఉన్నప్పుడే కోసి పెట్టుకుంటుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ ముందుచూపు ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఎన్నాళ్ళు పడుతుందంటారేమో. పనామాలో అన్నెట్ ఐయెల్లో అనే శాస్త్రవేత్త అల్యుటెల్లాని పెంచి రోజులు లెక్క కట్టి, 1979లో ప్రచురించారు. ప్యూపాగా 11 నుంచి 23 రోజులు. దానికి ముందు గుడ్డుగా పది రోజుల పైన, గొంగళి పురుగుగా ఆరేడు దశల్లో 50 రోజుల దాకా. గుడ్డు నుంచి చిమ్మట దాకా సగటున 74 రోజులు. నా సీసాల్లో కూడా కొంచెం అటూ ఇటూగా ఇంతే వచ్చింది. మీరు జూన్ 11 నుంచి లెక్క పెట్టుకుంటే 22 తర్వాత ఎప్పుడైనా రావచ్చు. సాధారణంగా మిట్టమధ్యాహ్నం వేళ బయటికి వస్తుంది, కాబట్టి రాత్రుళ్ళు నిద్ర మానుకోకండి.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఒక్కోసారి గూటిలోంచి చిమ్మటకి బదులు చిన్న నల్లటి కందిరీగ వస్తుంది. అపాంటెలిస్ కార్పాటస్ అని, ఈ పురుగుల ఒంట్లో గుడ్లు పెట్టి పెరిగే పరాన్నజీవి. అలా జరిగితే మీ తప్పేమీ ఉండదు.

వానచుక్క
జూన్ 27, మధ్యాహ్నం 2:15

వచ్చిందండీ! చిమ్మటే వచ్చింది.

22 నుంచి రోజూ పదకొండున్నరకల్లా భోజనం ముగించి గోడ వైపు తిరిగి పడుకుంటున్నాను. ఇవాళ పదహారో రోజు. పన్నెండూ పదికి చూసినప్పుడు ఏమీ లేదు. మంచినీళ్ళు తాగి మళ్ళీ చూసేసరికి, పన్నెండూ ఇరవై అనుకుంటాను, ఆ పల్చటి చివర విచ్చుకుని అందులోంచి లేత గోధుమ రంగు పొట్టు ఒకటి సగం బయటికి వేలాడుతోంది. దానికి రెండంగుళాల దూరంలో చిమ్మట కూర్చుని ఉంది. బయటపడే ఆ కొద్ది క్షణాలే నాకు తప్పిపోయాయి.

మా అమ్మాయి ఫోటోని పెద్దది చేసి చూపించింది. బూడిద రంగు. ముందు రెక్కల మీద నల్లటి మచ్చలు, ఒక వైపు మూడు స్పష్టంగా కనిపించాయి, నాలుగోది లీలగా. రెక్కల చివర లేత బూడిద రంగు వెంట్రుకల కుచ్చు. తల మీద కూడా దువ్వని జుట్టులా రేగిన పొలుసులు. రెక్కలు మడుచుకుని కూర్చుంటే నిడివి ఆరు మిల్లీమీటర్లు ఉంటుందేమో. మీసాలు దాదాపు రెక్కలంత పొడవు. వెనక్కి ఒంటి మీదుగా వాల్చుకుని ఉంది. ఒంట్లో ఇంకేదీ కదలకపోయినా ఆ మీసాలు మాత్రం ఒక్క క్షణం ఆగకుండా వణుకుతూనే ఉన్నాయి.

ఇది ఆడదా, మగదా?

భూతద్దం
జూన్ 27, మధ్యాహ్నం 3:00

చాలా సంతోషం అండీ. మచ్చలు అంత స్పష్టంగా ఉండి ఆ నిడివి ఉందంటే ఆడదే. ఆడవాటికి రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకి 10 నుంచి 13 మిల్లీమీటర్లు ఉంటాయి. మగవి సన్నగా 7 నుంచి 9 మాత్రమే, మచ్చలు కూడా మసకగా ఉంటాయి. ఎగరగలవు గానీ ఎక్కువసేపు గోడ మీదో, నేల అంచునో, సాలెగూటి దారాల మీదో ఊరికే కూర్చుంటాయి. మగది దొరికితే వారం రోజుల్లో దాదాపు 200 గుడ్లు పెట్టి చనిపోతుంది. లేత నీలి రంగులో అర మిల్లీమీటరు కూడా ఉండని గుడ్లు. గోడా నేలా కలిసే సందుల్లో, చెత్త రేణువులకి అతికించి పెడుతుంది.

ఆ పొట్టు వేలాడుతున్న గూడు వెంటనే తీసేయకండి. దాన్ని జాగ్రత్తగా ఒలిచి చూస్తే లోపలి పట్టు పొర చెక్కు చెదరకుండా ఉంటుంది.

వానచుక్క
జూన్ 27, రాత్రి 8:50

సాయంత్రం నాలుగింటి దాకా ఉన్నచోటే ఉంది. దీపం వెలిగించే వేళకి కర్టెన్ వెనక్కి వెళ్ళింది. అది కూర్చున్న చోట అమ్మాయి చేత 41వ గీత పెట్టించి టైం రాయించాను. గూడు అలాగే ఉంచాం, మా ఆయన్ని కూడా ఆ గోడ జోలికి రావద్దన్నాను.

జూలై 1న కట్టు విప్పుతారు. నేల మీదికి వంగగలిగిన రోజు కిటికీ కింద సందులో భూతద్దం పెట్టి నీలి గుడ్ల కోసం వెతుకుతాను. కనిపిస్తే ఇక్కడే రాస్తాను.